కెప్టెన్ గాబ్రా మా లిఫ్ట్ మెకానిక్

మా లిఫ్ట్ మెకానిక్ పేరు తిరుమల్. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే మా కార్ఖానా ఏరియాలో ఇప్పుడా పేరు పలికేది నేనొక్కదాన్నే. మిగతా అందరికీ అతను కెప్టెన్ గాబ్రా. మా గేటు ముందు కూరగాయలమ్మే అతను కూడా "ఏం కెప్టెన్, బుధగ్రహం మీద టమాటా ఎట్లిస్తున్నరు?" అని అడుగుతాడు. తిరుమల్ నవ్వి ఊరుకుంటాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోతుంది.

ఈ గోలంతా అభిరామ్ వల్ల వచ్చింది. అభిరామ్ అంటే తిరుమల్ భార్య ఊర్మిళకు అన్న కొడుకు. స్నేహితులతో కలిసి యూట్యూబులో 'బుధగ్రహం బస్తీ' అని ఒక నవ్వుల సీరీస్ తీస్తాడు. మా బిల్డింగుకు కొత్త లిఫ్ట్ బిగించినప్పుడు పాత డబ్బాను తిరుమల్ మల్కాజ్‌గిరిలో తన ఇంటి వెనక రేకుల షెడ్డులో పెట్టుకున్నాడు. అభిరామ్ వచ్చి ఆ డబ్బాకు రంగురంగుల బల్బులు అంటించి, ఇదే అంతరిక్ష నౌక అన్నాడు. తీరా షూటింగ్ రోజున హీరో రాలేదు. తలుపుకు నూనె వేస్తున్న తిరుమల్‌ని చూసి, "మామయ్యా, హీరో వచ్చేదాంక జెర నువ్వు నిలబడు" అన్నాడట. ఆ హీరో ఇప్పటికీ రాలేదు.

కథ ఏమంత గొప్పది కాదు. కెప్టెన్ గాబ్రా చంద్రుడి మీదికి బయల్దేరి, తప్పు బటన్ నొక్కి, బుధగ్రహం మీద దిగుతాడు. దిగేటప్పుడు గడప తట్టుకుని బోర్లా పడతాడు. ఆకుపచ్చ మొహాలవాళ్లు ఆయుధాలు పట్టుకుని వస్తే, "ఏమనుకోకుర్రి, రాంగ్ బటన్ నొక్కిన" అని జేబులోంచి ఉస్మానియా బిస్కెట్లు తీసి పంచుతాడు. వాళ్లు ఇంటికి పిలిచి భోజనం పెడతారు. ప్రతి ఎపిసోడూ ఇంతే. నేనూ పడీపడీ నవ్వాను, కాదనను.

అయితే ఆ డబ్బా మాది కదా! స్టీలు గోడ మీద ఫ్రిజ్ గీసుకుపోయిన గీత దగ్గర్నుంచి అన్నీ కనిపిస్తాయి. "అదిగో మన లిఫ్టే!" అని బిల్డింగంతా వారం రోజులు సంబరపడింది. ఆ తర్వాత, తప్పు బటన్ నొక్కేవాడా మన లిఫ్ట్ చూసేది అని జనం ఆలోచించడం మొదలుపెట్టారు. అదే మా ఖర్మ. తిరుమల్ సర్వీసింగుకి రాగానే అందరూ వచ్చి సెల్ఫీలు దిగుతారు, భుజం మీద చేతులేస్తారు, తర్వాత మెల్లగా మెట్లెక్కి వెళ్లిపోతారు. మూడో అంతస్తు పుష్పమ్మగారు నడుం నొప్పితో మూలుగుతూనే మెట్లెక్కుతున్నారు. ఇదేమిటమ్మా అంటే, "ఏమో మేడం, ఆయన చెయ్యి పడ్డంక జెర భయమైతుంది" అన్నారు. అంటే నాటకంలో దొంగ వేషం వేసినవాణ్ని ఎవరూ ఇంటి గడప తొక్కనివ్వరన్నమాట! వీళ్లకు చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది.

తిరుమల్ కంగారు మనిషే, అది అబద్ధం కాదు. టీ గ్లాసు చేతికిస్తే సగం చొక్కాకే. హెల్మెట్ నెత్తిన పెట్టుకుని సెల్లార్ అంతా వెతుక్కుంటాడు. తలుపు తగిలితే తలుపుకే సారీ చెప్తాడు. కానీ మెషీన్ రూంలోకి వెళ్లాడా, వేరే మనిషే. చెప్పులు బయట విడిచి మరీ వెళ్తాడు. రెజిమెంటల్ బజార్లో వాళ్ల నాన్నకు మోటార్ వైండింగ్ కొట్టు ఉండేది. మోటార్ ఒళ్లో పెట్టుకుని పెరిగానంటాడు. లిఫ్ట్ బాగుచేశాక ముందు తనే ఎక్కి, అంతస్తంతస్తునా ఆపి, డబ్బా నేలా బయటి గచ్చూ సమంగా ఉన్నాయో లేదో అరచేత్తో తడిమి చూస్తాడు. ఆ తర్వాతే మమ్మల్ని ఎక్కనిస్తాడు. నేనుండేది ఐదో అంతస్తులో. ఈ మోకాళ్లతో నేను బతుకుతున్నానంటే అతని చలవే.

అతను చూసే బిల్డింగులు ఒక్కొక్కటే చేయి జారిపోయాయి. చివరికి మాదొక్కటే మిగిలింది. గంభీరంగా ఉండి చూశాడు పాపం. ఇస్త్రీ చొక్కా వేసుకుని, నవ్వకుండా వచ్చాడు. అది చూసి జనం ఇంకా నవ్వారు. కెప్టెన్‌ను చంపెయ్యమని అభిరామ్‌ని బతిమాలాడు. "నిన్ను చంపితే జనం నన్ను చంపుతరు మామయ్యా" అన్నాడు ఆ పిల్లవాడు.

మొన్న ఆదివారం సెల్లార్లో మీటింగు. ఈ ఏడాది లిఫ్ట్ తిరుమల్‌కి ఉంచాలా, ఏదో కంపెనీకి ఇవ్వాలా అన్నదే విషయం. అధ్యక్షుడు హరికిషన్‌గారు గొంతు సవరించుకుని, "తిరుమల్ మంచోడే, ఎవరన్నరు కాదని? కానీ జనం పరేషాన్ అవుతున్నరు" అన్నారు. తిరుమల్ ఒక స్తంభం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను లేచి పదిమందిలో కడిగేశాను. సీరీసుకీ లిఫ్టుకీ సంబంధమేమిటి, ఒక్కసారైనా ఎవరైనా మధ్యలో ఇరుక్కున్నారా, చెప్పండి అన్నాను.

ఊర్మిళ కూడా వచ్చింది. మా బిల్డింగులో సగం మందికి జాకెట్లు కుట్టేది ఆవిడే. "మా ఆయన చేసిన లిఫ్టు మీద గింత అనుమానం ఏందీ? కండ్ల ముందటనే ఉన్నది గద!" అని గట్టిగానే అడిగింది.

అప్పుడు పుష్పమ్మగారు నెమ్మదిగా అన్నారు. "బిడ్డా, నువ్వు మా ఇంటికి జాకెట్లు తెస్తవు. ఎప్పుడన్న లిఫ్ట్‌ల వచ్చినవా?"

నిజమే, ఊర్మిళ ఎప్పుడూ మెట్ల మీదే వస్తుంది. మెట్లెక్కితే ఆరోగ్యమని తిరుమల్ చెప్తుంటే నేను నమ్మాను. ఇప్పుడా మొహం చూస్తే తెలిసిపోయింది, ఆవిడకు లిఫ్టంటే భయం. తిరుమల్ తల దించుకుని గచ్చు చూస్తున్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు.

ఊర్మిళ జాకెట్ల సంచి కింద పెట్టి, కొంగు నడుముకి చుట్టి, లిఫ్ట్ వైపు చూపించి "పా" అంది మొగుడితో.

"వద్దులే ఊర్మిళా."

"పా అంటున్న గద!"

నేనూ వాళ్ల వెనకే ఎక్కాను. తలుపు మూసుకోగానే ఊర్మిళ నా మోచెయ్యి పట్టుకుంది, గోళ్లు దిగేలా. కళ్లు మూసుకుని ఏదో గొణుక్కుంటోంది. తిరుమల్ మా ఇద్దరికేసీ చూడకుండా తలుపుకేసి తిరిగి నిలబడ్డాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. లిఫ్ట్ ఎప్పట్లాగే కుదుపు లేకుండా ఐదో అంతస్తుకు చేరింది. తలుపు తెరుచుకుంది.

ఊర్మిళ బయట అడుగుపెట్టి, వెనక్కి తిరిగి చూసింది.

"గింతేనా?" అంది.

"గింతే."

నడుముకి చుట్టిన కొంగు విప్పింది. తర్వాత అడిగింది. "ఇన్నేండ్లు నేను ఎక్కకుంటె నీకు బాధ కాలేదా?"

సర్దిచెప్పేస్తాడనుకున్నాను. అతని అలవాటే అది.

"ఐంది" అన్నాడు తిరుమల్.

"మరి ఒక్కనాడన్న ఎందుకు చెప్పలే?"

"నీకు భయమని తెలుసు గద."

ఊర్మిళ కళ్లు తుడుచుకుంది. నేను అటు తిరిగి నా ఫ్లాట్ తలుపుకేసి చూస్తూ నిలబడ్డాను. ఆ మాట అతని నోట్లో ఎన్నేళ్లు నానిందో!

ముగ్గురం కిందికి దిగాం. తలుపు తెరుచుకునేసరికి సెల్లార్లో కుర్చీలు మడతపెట్టేస్తున్నారు. మేం పైన ఉండగానే చేతులెత్తి ఓటెయ్యడం అయిపోయిందట, కంపెనీకే ఇచ్చేశారట! ఊర్మిళ ఎక్కి చూపించింది కదయ్యా, ఆగలేకపోయారా అని నేను బయటికొచ్చి అరిచాను. హరికిషన్‌గారు వాచీ చూసుకుని, అందరికీ పనులున్నాయి మేడం అన్నారు. ఆ వాచీ పీకి రోడ్డు మీద విసిరేయాలనిపించింది.

తిరుమల్ మాత్రం, "మంచిది సార్, మెషీన్ రూం తాళంచెవి మేడంకి ఇచ్చి పోత" అని లిఫ్ట్ నుంచి బయటికి రాబోయాడు.

ఊర్మిళ కదల్లేదు. అతని చొక్కా చెయ్యి పట్టుకుని, "ఇంకోపారి పోదాం" అంది.

తలుపు మూసుకుంది. నేను మోకాళ్లు పట్టుకుని ఆ జనం మధ్యే ఉండిపోయాను. అంకెలు ఒక్కొక్కటే మారి ఐదు దగ్గర ఆగాయి. చాలాసేపు అక్కడే ఉంది. హరికిషన్‌గారు విసుక్కుంటూ లిఫ్ట్‌ను కిందికి పిలవడానికి బటన్ మీద వేలు పెట్టబోతే, చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగేశాను.