పాపకే వేరే అక్షరం

నేను యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తుండగా, గోల్నాకలో ఉండే మా అక్క ఒకరోజు పాపను ఎత్తుకుని నేరుగా మా డిపార్ట్‌మెంట్‌కే వచ్చింది. పాపకు అప్పుడు ఐదో నెల. పుట్టిన వారం నుంచీ ఫిట్స్. జన్యు పరీక్ష చేయిస్తే మెదడులో పనిచేసే ఒక ప్రొటీన్‌లో మార్పు కనిపించింది. జబ్బుకు అదే కారణమో కాదో చెప్పలేమన్నారు డాక్టర్లు.

"నువ్వు చదివేది గిదే కదనే. జర చూసి చెప్పు," అంది అక్క.

నా పని నిజంగా అదే. ప్రొటీన్‌ను పొడవాటి అక్షరాల వరుసగా రాస్తాం. మనిషిది, ఎలుకది, కోడిది, కప్పది, చేపది ఒకదాని కింద ఒకటి పేర్చి పోలుస్తాం. కోట్ల ఏళ్లలో చాలా అక్షరాలు మారిపోయి ఉంటాయి. ఎక్కడైనా ఒకటి అన్నిటిలోనూ మారకుండా నిలిచిందంటే, అది మారితే బతకడం కష్టమని అనుమానించాలి.

పాప నా ఒళ్లో నిద్రపోయింది. ఒంటిచేత్తో టైప్ చేశాను. కనీసం కోడిలోనైనా ఆ చోట ఇంకో అక్షరం ఉంటే బాగుండునని ఎంత కోరుకున్నానో! స్క్రీన్ మీద పైనుంచి కిందిదాకా ఒకటే అక్షరం.

"ఏందే, ఏమున్నది?"

"ఇక్కడ అన్నిటికీ ఒకటే ఉన్నదక్కా. పాపకే వేరే ఉన్నది."

"చేపకు గూడ మంచిగనే ఉన్నదా?"

"ఉన్నది."

అక్క స్క్రీన్ వైపే చూస్తూ పాపను నా ఒళ్లోంచి తీసుకుంది. "నా నుంచే వచ్చిందానే?" అని మెల్లగా అడిగింది. కడుపుతో ఉన్నప్పుడు తిన్నవి, ఎత్తిన బరువులు అన్నీ అప్పటికే తలచుకుని ఏడ్చిందని నాకు తెలుసు.

తర్వాత అక్కకూ బావకూ పరీక్ష చేస్తే ఇద్దరిలోనూ ఆ మార్పు లేదు. పాపలోనే కొత్తగా వచ్చింది. ఎవరి తప్పూ కాదని చెప్పాను. "తప్పు నాదైనా మంచిగుండు. తిట్టుకోనీకి ఒకరుందురు," అంది.

మొదటి పుట్టినరోజు రాకముందే పాప పోయింది.

మొన్న అక్క నన్ను చూడ్డానికి తార్నాక వస్తే హబ్సిగూడలో టిఫిన్‌కు తీసుకెళ్లాను. పక్క కుర్చీలో కూర్చున్న పెద్దావిడ మాట కలిపి, పిల్లలెంతమంది అని అడిగింది.

"ఒక పాప," అంది అక్క.

ఏం చదువుతోందని ఆవిడ అడగకముందే నేను బిల్లు తెమ్మన్నాను. ప్లేట్లలో ఇడ్లీలు అలాగే ఉన్నాయి.