వేయని కంప

గంటల చప్పుడు ఆగిపోయింది. నాకు భయం అంటే ఏమిటో తెలిసింది ఆ క్షణంలోనే.

మందలో కొన్ని గొర్రెల మెడలకు చిన్న గంటలు కట్టి ఉంటాయి. మేస్తున్నంతసేపూ అవి గలగలమంటూనే ఉంటాయి. ఆ మధ్యాహ్నం నేను మోటారు రూములో చల్లటి గచ్చు మీద పడుకుని, సగం నిద్రలో, ఆ చప్పుడు వింటూ ఉన్నాను. అది ఆగింది. ఒక్కసారిగా కాదు. ఒకటి, ఇంకొకటి, తర్వాత అన్నీ. లేచి కూర్చున్నాను. ఏం జరిగిందో ఎవరూ వచ్చి చెప్పకముందే నాకు తెలుసు. ఎలా తెలుసన్నదే ఇన్నేళ్ళుగా నాలో దాచుకున్న బరువు. అమ్మకు చెప్పలేదు. పెళ్ళయ్యాక మా ఆయనకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

పిల్లలిద్దరూ నిద్రపోతున్నారు. ఇది రాయడం మొదలుపెట్టే ముందు వీధి తలుపు గడియ చూసి వచ్చాను. వంటింట్లో సిలిండరు కట్టేశానో లేదో చూశాను. మళ్ళీ గడియ చూశాను. "ఆ గడియ నీ చేతుల్లోనే అరిగిపోతుంది" అని మా ఆయన నవ్వుతాడు. ఆయనకు తెలియదు. ఒకసారి మూయవలసింది మూయకుండా, మూశానని చెప్పాను. అప్పటినుంచి నేను మూసిన దేన్నీ నేను నమ్మలేను.

పదో తరగతి పరీక్షలు రాసిన వేసవి అది. పెద్దమ్మకు కాలు బాగాలేదని, చేతిసాయంగా ఉంటానని, మా నాయన నన్ను వాళ్ళ అన్న దగ్గరకు పంపించాడు. గిద్దలూరుకు ఇవతల, కొండల వైపు, మా పెద్దనాయన వెంకటప్ప చేను. కొంత బత్తాయి తోట. దాని పక్కన బీడు. బీడుకు అవతల, ముళ్ళకంచె దాటితే, జొన్న కోసేసిన చేను. అన్నం గిన్నె తలమీద పెట్టుకుని పోవడం, బత్తాయి పాదులకు నీళ్ళు మళ్ళించడం, ఎండిన కొమ్మలు ఏరడం నా పని. మొదటివారం చేతులు బొబ్బలెక్కాయి. తర్వాత గట్టిపడ్డాయి. ఇంట్లో నన్ను ఎప్పుడూ పుస్తకం పట్టుకున్న పనిదొంగ అనేవాళ్ళు. పెద్దనాయన మాత్రం ఊళ్ళో ఎవరు కనబడినా, "మా పాపకు పని చెప్తే అయిపోయినట్టే" అనేవాడు. ఆ మాట నాకు ఎంత ఇష్టమో ఇప్పుడు రాయడానికి సిగ్గేస్తోంది. పడుకునేముందు దాన్ని మనసులో మళ్ళీ మళ్ళీ అనుకునేదాన్ని. ఆ మాట కోసమే అబద్ధం ఆడానా? ఆ మాట కోసమే అనుకుంటాను. ఇంతకంటే పెద్ద కారణం వెతికాను. దొరకలేదు.

మా వైపు ఎండాకాలం ఖాళీ చేలల్లో గొర్రెల మంద నిలుపుతారు, ఎరువు కోసం. ఆ ఏడు పెద్దనాయన చేలోకి దొనకొండ వైపు నుంచి ఒక మంద వచ్చింది. చెంచయ్య మామ, ఆయన భార్య, కూతురు అంకమ్మ. అంకమ్మకు నా వయసే. రాత్రంతా తండ్రి మేలుకుని మందకు కాపలా కాసేవాడు. పగలు ఆయన చెట్టుకింద నిద్రపోతే మందను అంకమ్మ తిప్పేది. తనకంటే పొడుగు కర్ర ఒకటి ఉండేది ఆమె చేతిలో. నాకు గొర్రెల్ని గుర్తుపట్టడం నేర్పించబోయి, "నీకు పుస్తకంలో అక్షరాలన్నీ ఒకటే మాదిరి ఉంటాయా ఏంది? ఇవీ అంతే" అని నవ్వింది. ఆడపిల్ల పుట్టినప్పుడు వాళ్ళ ఇంట్లో ఒక గొర్రెపిల్లను ఆ బిడ్డ పేరున వదులుతారట. దాని సంతానమంతా ఆ పిల్లదే. మందలో తనవి ఏవో అంకమ్మ నాకు చూపించింది. నల్ల చెవులవి.

ఆ మే నెలలో ఒక వాన పడింది. జొన్న మోళ్ళకు పచ్చగా పిలకలు లేచాయి. దాన్ని నాము అంటారు. చూడటానికి లేతగా ముద్దుగా ఉంటుంది. గొర్రె తింటే నిలబడ్డచోటే పడిపోతుంది. అందుకని అక్కడొక కట్టుబాటు ఉంది. నాము లేచిన చేనికి ముళ్ళకంప అడ్డం వేయడం చేనుగలవాళ్ళ పని. వేసిన కంపను మంద దాటకుండా చూసుకోవడం మందవాళ్ళ పని. దీనికి కాగితాలు, సాక్షులు ఉండవు. కంప ఉంటే ఉన్నట్టు, అంతే.

బీడుకూ జొన్నచేనుకూ మధ్య కంచెలో ఒక సందు ఉంది, మనిషి బండి తోలుకుపోయేంత. ఆ పొద్దున పెద్దనాయన నాకు ముళ్ళు అంటకుండా లాగే పంగల కర్ర ఇచ్చి, కొట్టి పెట్టిన చిల్లకంప లాగి ఆ సందు మూయమన్నాడు. పోయాను. కంప బరువుగా ఉంది. లాగబోతే ముల్లు మడమలో దిగింది. కూర్చుని తీసుకున్నాను. ఎండెక్కింది. సాయంత్రం చల్లబడ్డాక వేద్దాంలే అనుకుని తోటలోకి పోయాను. ఇందులో పాపం ఏముంది? ఏమీ లేదు. ఇక్కడిదాకా ఏమీ లేదు.

అన్నానికి వచ్చినప్పుడు పెద్దనాయన చేతులు కడుక్కుంటూ అడిగాడు.

"కంప వేసినావా పాపా?"

"వేసినా పెద్దనాయనా."

"ముళ్ళు గుచ్చుకోలేదు గదా?"

"లేదు."

"మా పాపకు పని చెప్తే అయిపోయినట్టే" అని పెద్దమ్మ వైపు తిరిగి అన్నాడు. తర్వాత బయటికి పోయి, మంద దగ్గర ఉన్న అంకమ్మకు వినబడేటట్టు కేకేశాడు. "అమ్మాయ్, జొన్నచేను పక్క కంప వేసినాము. నువ్వు తోట పక్క చూసుకుంటే చాలు."

అప్పుడైనా నోరు తెరవచ్చు. లేచి పరుగెత్తి వేసి రావచ్చు. ముందు మోటారు రూములో కాసేపు నడుము వాలుస్తాను, ఎండ కొంచెం తగ్గనీ అనుకున్నాను. గొర్రెలు అటు పోవులే అనుకున్నాను. నిజంగా అలా అనుకున్నానా, లేక ఈ మాట తర్వాత కల్పించుకున్నానా? తెలియదు.

చెప్పాను కదా, గంటలు ఆగిపోయాయి.

నేను పోయేసరికి జొన్నచేనంతా గొర్రెలు పడి ఉన్నాయి. కొన్ని కాళ్ళు కొట్టుకుంటున్నాయి. నోళ్ళ దగ్గర నురగ. అంకమ్మ ఒకదాన్ని లేపి నిలబెడుతోంది, అది పడిపోతోంది, మళ్ళీ లేపుతోంది. చెంచయ్య మామ నిద్రలోంచి లేచి, తలపాగా లేకుండా, గొర్రెల్ని పేర్లు పెట్టి పిలుస్తూ పరుగెత్తుకు వస్తున్నాడు. పెద్దనాయన విరుగుడుకు బెల్లం నీళ్ళు తెమ్మని అరిచాడు. బిందెలు, చెంబులు. అందరూ నాము చేనులో ఉన్నారు. నావైపు ఎవరూ చూడటం లేదు.

ఇక్కడ ఆపేద్దామనుకున్నాను. అబద్ధం చెప్పాను, గొర్రెలు చచ్చిపోయాయి అని చెప్పి ముగించవచ్చు. అది కూడా నిజమే కదా. కాని అసలు దాచింది అది కాదు.

సందు దగ్గరకు పోయాను. కంప పక్కనే కుప్పగా ఉంది, పొద్దున ఎలా వదిలానో అలాగే. పంగల కర్ర లేదు. రెండు చేతులతో పట్టుకుని లాగాను. పొద్దున కదలనిది ఇప్పుడు కదిలింది. సందుకు సగం దాకా లాగి, పక్కకు తోసినట్టు వాలుగా వదిలేశాను. ఎవరో దారికోసం నెట్టేసినట్టు. ఎవరు నేర్పారు నాకు అది? ఎవరూ నేర్పలేదు. ఆ పని చేస్తున్నప్పుడు నేను ఏడవడం లేదు. నా తల చాలా చక్కగా పనిచేసింది.

చీకటి పడేసరికి మిగిలినవి మిగిలాయి. సగానికి పైగా పోయాయి. నల్ల చెవులవి ఒక్కటీ మిగల్లేదు. చెంచయ్య మామ కూతురి ఎదుట నిలబడ్డాడు.

"సందు తెరిచే ఉంది నాయనా" అంది అంకమ్మ. "నేను ఉరుక్కుంటా పోయేటప్పటికి కంప లేదు. ఒట్టు."

"లేదంటావేందే, వేసినామని చెప్పిరి గదా. దా, చూపి."

అందరం సందు దగ్గరకు పోయాం. నేను లాగిన కంప అక్కడ ఉంది, వాలుగా. చెంచయ్య మామ దానికేసి చూసి, "ఇదేంది మరి?" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. తర్వాత నావైపు తిరిగాడు. "పాపా, నువ్వే గదా వేసింది?"

"నేనే వేసినా మామా."

అంకమ్మ నావైపు చూడలేదు. కంపకేసే చూస్తూ నిలబడింది. తన కళ్ళతో తాను చూసినదాన్ని నమ్మాలా వద్దా అని తేల్చుకుంటున్నట్టు. చెంచయ్య మామ కూతుర్ని కొట్టలేదు. ఆమె చేతిలోంచి కర్ర తీసేసుకున్నాడు. అంతే చేశాడు.

దీపాలు పెట్టాక పెద్దమ్మ నా అరచేతులు పట్టుకుని చూసింది. పసుపు అద్దుతూ, "పొద్దున ముళ్ళు గుచ్చుకోలేదంటివి గదా, ఇప్పుడు ఈ రక్తం ఏందే?" అంది. ఆమె చేతులు ఆగాయి. తర్వాత మళ్ళీ పసుపు అద్దింది. ఆ మాట మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. మరుసటి వేసవికి నన్ను రమ్మని కబురూ రాలేదు.

కంప వేశారు కాబట్టి చేనుగలవాళ్ళ తప్పు లేదని పెద్దలు తేల్చారు. మిగిలిన గొర్రెలతో వాళ్ళు వెళ్ళిపోయారు. నేను ఇంటర్ చదివాను. డిగ్రీ చదివాను. కెమిస్ట్రీ పుస్తకంలో జొన్న లేత పిలకల్లో ఉండే విషం పేరు చదివిన రోజు, పుస్తకం మూసి కడుపు నొప్పి అని హాస్టలుకు వెళ్ళిపోయాను. పెళ్ళయింది. మార్కాపురం వచ్చాను. పిల్లలు పుట్టారు. వాళ్ళు ఏది నోట్లో పెట్టుకున్నా లాక్కుని వాసన చూస్తాను.

పోయిన వారం బస్టాండులో పిల్లలతో బస్సు కోసం నిలబడి ఉన్నాను. పక్కన కూలికి పోయి వచ్చే ఆడవాళ్ళ గుంపు. వాళ్ళలో ఒకామె కేకేసింది: "నామంకమ్మా, నీ సంచి ఈడనే ఉంది సూడు." నామంకమ్మ. మా పాప కిసుక్కున నవ్వింది. నేను తిరిగి చూశాను. అంకమ్మే. ఎండకు కమిలిపోయింది, ముందు పన్ను ఒకటి లేదు, కానీ అంకమ్మే. ఆమే ముందు గుర్తుపట్టింది.

"వెంకటప్ప మామ ఇంట్లో ఉన్న పాపవు గదూ నువ్వు? నీ బిడ్డలా? ఎంత ముద్దుగా ఉండారో."

ఆ పేరేమిటని అడిగాను. ఎందుకు అడిగానో తెలియదు. తెలుసుకోవాలనా, నన్ను నేను కొట్టుకోవాలనా.

"అదా" అని నవ్వింది. "నాముకు గొర్రెల్ని తోలిన అంకమ్మ అని. మా ఊళ్ళో పెట్టినారు. అత్తగారి ఊరికి గూడా నాకంటే ముందే పోయి కూర్చుండె." సంచి చంకకు తగిలించుకుంది. "నాయన పోయినాడు. పొయ్యేదాకా నన్ను మంద దగ్గరికి రానీయలేదు. నీ చెయ్యి మంచిది కాదు అనేటోడు." తర్వాత, గొంతు తగ్గించి, నన్ను ఓదారుస్తున్నట్టుగా అంది: "నువ్వు వేసిన కంప నేనే తోసినానేమో పాపా. ఎండకు ఏమన్నా మతి తప్పి ఉంటదా? ఎంత అనుకున్నా గుర్తు రాదు. నేనే తోసి ఉంటాలే."

నేను తీసుకున్నది గొర్రెల్నే అనుకున్నాను. ఆమె పేరును అనుకున్నాను. ఆమె కళ్ళతో ఆమె చూసిన నిజాన్ని కూడా తీసుకున్నానని అప్పుడు తెలిసింది. ఒక్క మాట చాలు. నువ్వు తోయలేదు, అక్కడ కంపే లేదు. నా నోటిదాకా వచ్చింది. పిల్లలు చెరోవైపు కొంగు పట్టుకుని ఉన్నారు. బస్సు వచ్చింది. ఎక్కేశాను. "ఆ అత్త ఎవరమ్మా?" అని పాప అడిగితే, "ఎవరో, తెలియదు" అన్నాను.

ఈ సాయంత్రం నిద్రపోయేముందు పిల్లలిద్దరూ ఆడుకున్నారు. ఏదో గిన్నె పడేసినందుకు పాప తమ్ముణ్ణి వెక్కిరించింది: "నామంకమ్మా, నామంకమ్మా." వాడు ఏడుస్తూ, "నేను కాదు, నువ్వే నామంకమ్మ" అన్నాడు. నా ఇంట్లో. నేను కన్న బిడ్డల నోట్లో. అందుకే ఇది రాస్తున్నాను.

రాస్తే ఏమవుతుంది? చెంచయ్య మామ లేడు. పెద్దమ్మ లేదు. క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదు. అడిగితే ఆమె క్షమిస్తుందని భయం. ఆమె అలాంటిది. అయినా కంప లేదు. అక్కడ కంప లేదు. ఇన్నేళ్ళకు ఈ మాట కాగితం మీద పెట్టాను, ఊపిరి కొంచెం లోపలికి పోయింది. అంతకంటే ఏమీ లేదు.

తెల్లవారింది. మిగిలింది వంటింట్లో నిలబడి రాస్తున్నాను. పాపకు జడ వేస్తూ, చిన్నవాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాను. బస్టాండులో అత్త పేరు అంకమ్మ అని. చిన్నప్పుడు నాకు తెలుసని, తెలియదన్నది అబద్ధమని. ఒకరోజు నేను చేయని పని చేశానని చెప్పాననీ, దాని దండన ఆమె పడిందనీ. ఆమె అత్తగారి ఊరు ఏదో అడిగి తెలుసుకోవడానికి ఆదివారం వాళ్ళ పుట్టింటి వైపు, దొనకొండ పోతున్నామని.

పాప తల తిప్పకుండా అడిగింది. "ఆ అత్త నిన్ను తిడ్తాదా?"

"తెలీదు."

"మరి నామంకమ్మ అని ఎవరు పెట్టినారు ఆమెకు?"

"ఆ పేరు ఆమెది కాదు, అమ్మా" అన్నాను. "నాది. ఇంక మీరు ఎవరినైనా అట్ల పిలవాలనిపిస్తే, నన్ను పిలవండి."