గొట్టాల్లో కుక్కిన పత్తి

నా చిన్నప్పుడు ఒక మధ్యాహ్నం మా మిరపకల్లంలో అమ్మ, నాయనమ్మ పోట్లాడుకున్న మాటలు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి.

"ఆ తాబేలు బండిలో నా మనవణ్ణి ఎక్కనిచ్చేది లేదు. ముందు మూత తీస్తే ఇంజనే లేదు దానికి. ఏ దయ్యం లాక్కెళుతుందో" అంది నాయనమ్మ.

"దయ్యమే లాగనీ అత్తయ్యా. పిల్లోడికి ఊపిరందట్లా. అడ్డం లెగండి" అంది అమ్మ.

అమ్మ ఒళ్ళో మా తమ్ముడు, నాలుగేళ్ళవాడు. గొంతు వాచి, గాలి పీల్చిన ప్రతిసారీ ఈల వేసినట్టు చప్పుడు. వారానికోసారి మా ఊరు వచ్చే డాక్టరమ్మ వాడి నోట్లోకి చూసి, గొంతు మూసుకుపోయే కంఠసర్పి జబ్బు అనీ, తన కారులో ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళాలనీ చెప్పింది.

నాకు అప్పుడు తొమ్మిదేళ్ళు. నాయనమ్మ మాటే నిజమనిపించింది. ముందు వారమే కళ్ళారా చూశాను. ఆ కారు ముందు మూత ఎత్తితే లారీకి ఉన్నట్టు ఇంజను లేదు, పిల్లాడు ముడుచుకుని పడుకునేంత గుంట ఉంది. తమ్ముణ్ణి అందులోనే పడేస్తారనుకున్నాను. వాళ్ళు వాదులాడుకుంటుండగా కారు వెనక్కి పోయాను. అక్కడ రెండు సన్నటి పొగ గొట్టాలున్నాయి, ముక్కు రంధ్రాల్లాగా. గాలి ఆడకపోతే ఏమవుతుందో తమ్ముణ్ణి చూస్తూనే ఉన్నాను కదా. పక్కనున్న బస్తాలోంచి పత్తి లాగి, కడవ నీళ్ళలో తడిపి, పుల్లతో రెండింటిలోనూ గట్టిగా కుక్కాను.

చివరికి అమ్మే నెగ్గింది. తమ్ముణ్ణి వెనక సీట్లో పడుకోబెట్టారు. నేననుకున్న గుంటలో కాదు. కారు రెండుసార్లు గురగురమని ఆగిపోయింది. కూలీలు నీళ్ళ కడవలతో పరిగెత్తుకొచ్చి ముందు మూత ఎత్తి, ఎక్కడ పొయ్యాలో తెలియక నిలబడిపోయారు.

"నీళ్ళు తాగే బండి కాదయ్యా ఇది. గాలికే చల్లబడుతుంది" అంటూ డాక్టరమ్మ వెనక మూత తీసింది. ఇంజను అక్కడుంది. ఇంతేనా అన్నట్టు చిన్నది. దయ్యం లేదు.

"చూశావా, బండే రానంటోంది. దించు పిల్లోణ్ణి" అంది నాయనమ్మ.

తమ్ముడి ఈల సన్నగిల్లింది. పెదాలు నీలంగా అయ్యాయి. దయ్యం ఎవరో నాకప్పుడు తెలిసింది. చెబితే నాయనమ్మ చంపేస్తుంది. చెప్పకపోతే తమ్ముడు పోతాడు. ఎలాగో వెళ్ళి ఒక గొట్టం మీద వేలు పెట్టాను.

డాక్టరమ్మ వంగి చూసింది. నా తడి చేతులూ చూసింది. కత్తెర మొనతో పత్తంతా లాగేసి, "ఎలకలమ్మా. పత్తి పక్కన బండి పెట్టడం నాదే తప్పు" అంది అందరికీ వినపడేలా. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వూ ఎక్కు. మళ్ళీ ఆగితే ఎక్కడ చూడాలో నీకే తెలుసు" అంది. దారి పొడుగునా కారు ఎక్కడ ఆగిపోతుందోనని చచ్చేంత భయపడ్డాను. ఆగలేదు.

ఇప్పటికీ ఆ రకం కారు కనబడితే జనం ఆగిపోతారు. మొన్న గుంటూరులో ఓ పెళ్ళి ఊరేగింపుకు ఒకటి తెచ్చారు. పక్కన పెద్ద పెద్ద కార్లుంటే వాటి మొహం చూసినవాళ్ళు లేరు. పిల్లలూ ముసలివాళ్ళూ దీని చుట్టూనే చేరారు. జర్మనీ వాళ్ళు ఎప్పుడో చేసిన బండి, దాన్ని బీటిల్ అంటారు, ముద్దుగా ఉంది కదా నాయనమ్మా అన్నాడు మా మనవడు. నాకది ముద్దు కాదు, గౌరవం. చిరిగేదాకా చీర మార్చని మనిషిని నేను. ఒక్క చుక్క నీళ్ళడగకుండా, ఉన్న గాలితో సర్దుకుని, బిడ్డను మోసుకెళ్ళిన బండి అది. అందరూ ముందు నిలబడి ఫొటోలు తీసుకుంటుంటే, నేను వెనక్కి వెళ్ళి రెండు గొట్టాల్లోనూ వేలు పెట్టి చూసి వచ్చాను.

అప్పుడు ఆసుపత్రిలో చేర్చిన మర్నాడు పొద్దున తమ్ముడు ఈల లేకుండా ఊపిరి పీల్చాడు. మాట రాక, గంజి గ్లాసు కోసం చెయ్యి చాపాడు. నాయనమ్మ ఎడ్లబండిలో వచ్చింది. ఎలకలు కావు, నేనేనని చెప్పి, డాక్టరమ్మ లాగేశాక నేను ఏరి దాచుకున్న మసిపట్టిన పత్తి ఆమె చేతిలో పెట్టాను. వీపు మీద రెండు వేసింది. తర్వాత ఆ పత్తిని ఆసుపత్రి కుళాయి కింద ఉతికి, గోడ మీద ఆరేసింది.