నాన్న సత్తు పళ్లెం

ఆషాఢం వచ్చిందంటే మా ఆఫీసులో ఎవరో ఒకరు గోరింటాకు రుబ్బి స్టీలు డబ్బాలో తెస్తారు. మొన్న భోజనాల వేళ ఆ డబ్బా మూత తీయగానే పచ్చి ఆకు వాసన గదంతా అలుముకుంది. ఆ వాసనకి అందరికీ పుట్టిల్లు గుర్తొస్తుందట. నాకు కిరసనాయిలు గుర్తొస్తుంది. "ఒక్క చుక్కయినా పెట్టుకోండి మేడమ్, ఆషాఢంలో వద్దనకూడదండీ" అని పక్క సీటావిడ చెయ్యి పట్టుకుంటే, పడదండీ, ఎలర్జీ అన్నాను. ఇరవై ఏళ్లు దాటింది ఈ ఎలర్జీ మొదలై. అబద్ధమాడటం నాకు కొత్త కాదు. అయినా ఆవిడ ఊరుకోలేదు, పిల్లకైనా పెట్టమని ఓ ముద్ద కవర్లో వేసి ఇచ్చింది.

ధవళేశ్వరం నుంచి కడియం వెళ్లే దారిలో, కాలవ గట్టు మీద మా నాన్న మెకానిక్ షెడ్డు ఉండేది. షెడ్డంటే నాలుగు కొబ్బరి దుంగలు, పైన రేకులు, కింద ఇసక. వెనకే మా ఇల్లు. చుట్టుపక్కల నర్సరీల మొక్కలు మోసే వ్యాన్లన్నీ నాన్న దగ్గరికే వచ్చేవి. మనిషి పొట్టి, మాట తక్కువ, పని నెమ్మది. ఎంత నెమ్మదంటే, బండి వదిలి వెళ్లినవాళ్లు సాయంత్రం వచ్చేసరికి కూడా ఆయన అదే చక్రం దగ్గర కూర్చుని ఉండేవాడు. ఒకసారి ఓ నర్సరీ ఆయన విసిగిపోయి, "ఏంటండీ మేస్త్రి గారూ, బోల్టు బిగిస్తున్నారా, పెళ్లికి ముహూర్తం పెడుతున్నారా?" అన్నాడు. నాన్న తల ఎత్తకుండానే, "ముహూర్తం తప్పినా కాపురం నిలబడుద్దండీ. బోల్టు తప్పితే నిలబడదు" అన్నాడు. ఆ మాట చాలాకాలం మా గట్టు మీద టీకొట్లో తిరిగింది.

ఆయనకో సత్తు పళ్లెం ఉండేది. అమ్మ కాపురానికి తెచ్చుకున్న పళ్లేల్లో ఒకటి, అంచు వంకరపోతే షెడ్డుకి దిగింది. ఏ బండి విప్పినా నట్లూ బోల్టులూ పిన్నులూ అందులో వేసి, మునిగేదాకా కిరసనాయిలు పోసేవాడు. బిగించేటప్పుడు అందులోంచే ఒక్కొక్కటీ తీసేవాడు. కొత్త సామాను కొన్నా సరే, ముందు పళ్లెంలో వేసి తీయాల్సిందే. పళ్లెం ఖాళీ అయితేనే బండి షెడ్డు దాటాలి. కిరసనాయిలు కాసేపటికి తారులా నల్లబడిపోతుంది కాబట్టి కంటితో చూస్తే లాభం లేదు, చెయ్యి పెట్టి అడుగంతా తడమాలి. నాకు అయిదారేళ్లప్పటి నుంచీ అదే పని. "పళ్లెం చూడమ్మలూ" అనేవాడు. నేను మోచేతిదాకా మసి చేసుకుని తడిమి, "ఖాళీయే నాన్నా" అనేదాన్ని. అప్పుడు గాని ఆయన బండి కిందనుంచి పైకి లేచేవాడు కాదు. నా మాట మీద బళ్లు కదిలేవి. ఆ వయసులో అంతకంటే గొప్ప ఉద్యోగం ఉంటుందని నాకు తెలియదు.

మా అన్నయ్య శ్రీనుకి ఇంజన్లు విప్పడం మీద కంటే నడపడం మీద ఇష్టం. నాన్న ఎక్కడో పాత ఇనుములో పడున్న పికప్ వ్యాను ఒకటి తెచ్చి, బాగుచేసి, వాడి చేతిలో పెట్టాడు. ముందు ఇద్దరు కూర్చునే చోటు, వెనక మొక్కలు పేర్చుకునే తొట్టి. వాడికి ఇరవై ఒకటి, నాకు పదమూడు. తొలకరి పడి అందరూ మొక్కలు నాటుకునే రోజులవి, వాడికి తిండి తినడానికి కూడా తీరిక లేదు. స్టీరింగు కాస్త లాగుతోందంటే, చక్రాలకీ స్టీరింగుకీ మధ్య ఉండే కడ్డీ అతుకులు మార్చడానికి నాన్న బండి కింద దూరాడు. ఆ నట్లు ఊడిపోకుండా ఒక్కోదానికీ జడపిన్నులాంటి చిన్న పిన్ను దూర్చి, దాని కాళ్లు రెండూ చెరోవైపుకి వంచుతారు. కొత్త పిన్నులు తెచ్చి పళ్లెంలో వేశాడు.

ఆ ఉదయమే అమ్మ నా రెండు చేతులకీ గోరింటాకు పెట్టింది. పండితే మంచి మొగుడొస్తాడని అన్నయ్య ఏడిపిస్తున్నాడు. వెనక తొట్టిలో మొక్కలు ఎండకి తలలు వేలాడేస్తున్నాయి. "నాన్నా, కానివ్వు, మొక్కలు వాడిపోతన్నాయి" అని వాడు, "అయిపోయిందిరా" అని కింద నుంచి నాన్న. అంతలో, "అమ్మలూ, పళ్లెం చూడమ్మా" అన్నాడు. నేను వంగి చూశాను. నల్లటి కిరసనాయిలు, అందులో నా మొహం కనిపించాయి. చెయ్యి పెడితే గోరింటాకు పాడవుతుంది. "ఖాళీయే నాన్నా" అన్నాను. అని, చేతులు ఖాళీ లేవు కదా అని, కాలితోనే పళ్లెం ఒరగదోసి కిరసనాయిలు ఇసకలో పారబోశాను. పనిముట్టుకి కాలు తగలకూడదని మా ఇంట్లో పాలు తాగే వయసు నుంచీ చెప్పే మాట. అది కూడా ఆ రోజు గుర్తు రాలేదు.

మూడో రోజు కాలవ వంతెన దగ్గర మలుపులో వ్యాను తిరగలేదు. తిన్నగా నీళ్లలోకి వెళ్లిపోయింది. కాలవలకి నీళ్లు వదిలిన కొత్తలో, ఎర్రటి నీరు గట్లు ఒరుసుకుంటూ పారుతోంది. అన్నయ్యని సాయంత్రానికి తీశారు, బండిని మర్నాడు తీశారు. బండి తనిఖీకి వచ్చినవాళ్లు బ్రేకు తొక్కి చూసి, బాగానే ఉందన్నారు. కడ్డీ ఊడి వేలాడుతుంటే, పడ్డప్పుడు ఊడి ఉంటుందన్నారు. నిద్రపోయి ఉంటాడని తేల్చారు. టీకొట్టు దగ్గర నలుగురూ నాలుగు రకాలుగా అన్నారు. తాగున్నాడేమో అని కూడా అన్నారు. మా అన్నయ్యకి సోడా తాగితేనే పొలమారేది.

పదకొండో రోజున చుట్టాలు కూర్చోడానికని షెడ్డు ముందు ఊడుస్తుంటే, కిరసనాయిలు మరక పడ్డ ఇసకలోంచి చీపురుకి ఏదో తగిలింది. పిన్ను. కొత్తది. కాళ్లు రెండూ తిన్నగా ఉన్నాయి, వంచనే లేదు. నా అరచేతుల్లో గోరింటాకు అప్పటికి ఇంకా వెలిసిపోలేదు. పిన్ను తీసి జామెట్రీ బాక్సులో వృత్తలేఖిని కింద దాచాను. రెండేళ్లు బడికి దాన్ని మోసుకుంటూ తిరిగాను.

ఆ రెండేళ్లూ వ్యాను షెడ్డు పక్కన టార్పాలిన్ కింద పడుంది. నా పదో తరగతి పరీక్షలు అయిపోయిన మర్నాడు, అన్నం తింటూ నాన్న, "రేపట్నుంచీ పనేవన్నా ఉందా అమ్మలూ నీకు?" అన్నాడు. లేదన్నాను. "అయితే వ్యాను విప్పుదాం."

అమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. "ఆ శవాన్ని ఎందుకు లేపుతారండీ ఇప్పుడు?"

"వాడు నిద్రపోయాడో లేదో మనుషులు చెప్తే నేను వినను. బండి చెప్పాలి."

"చెప్తే ఏం చేస్తారు?"

నాన్న కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. బండి బాగుంటే తప్పు కొడుకుది. బండి బాగోకపోతే తప్పు ఆయన చేతులది. రెండింట్లో ఏది తేలాలని ఆయన కోరుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఏది తేలుతుందో మాత్రం ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టు కూర్చుని అన్నం కెలికాను.

ఆ వేసవంతా పని చేశాం. ఎదురుగా కాలవ కట్టేసి ఉంది, అడుగున బురద పగుళ్లు తేలింది. ఇంజను తెరిస్తే అదే బురద, గట్టిపడి, మధ్యలో చిన్న చిన్న నత్తగుల్లలు. పుల్లతో గీకి, కిరసనాయిలుతో కడిగి, గరుకు కాగితంతో రుద్దేదాన్ని. తప్పు చేస్తే నాన్న అరిచేవాడు కాదు, విప్పేసి మళ్లీ మొదటి నుంచి చేయమనేవాడు. స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని లోపలి చప్పుడు వినడం నేర్పాడు. "మనిషి అబద్ధం చెప్తాడు గానీ ఇనుము చెప్పదమ్మా" అనేవాడు. నన్ను ఉద్దేశించి అనలేదని తెలిసినా నేను తల దించుకుని ఇంకాస్త గట్టిగా రుద్దేదాన్ని. సీటు కింద అన్నయ్య దువ్వెన దొరికింది, పళ్ల నిండా మట్టి. దాన్ని ఇంజను భాగం కడిగినంత శ్రద్ధగా కడిగి, ఆరబెట్టి, జేబులో పెట్టుకున్నాడు. సిగ్గు లేకుండా చెప్తున్నాను, నా జీవితంలో నాన్నకి అంత దగ్గరగా ఉన్న రోజులు మరి లేవు. ప్రతి ఉదయం ఆయన కంటే ముందు లేచి షెడ్డుకి వెళ్లేదాన్ని. ప్రతి ఉదయం ఈ రోజు చెప్పేయాలి అనుకునేదాన్ని.

అన్నీ అయ్యాక చివరికి స్టీరింగు మిగిలింది. కావాలనే ఆఖరికి ఉంచాడు. కుడి చక్రం దగ్గర ఊడిన అతుకుని బ్రష్షుతో తోమి, వెలుతురులోకి తిప్పి చాలాసేపు చూశాడు. నట్టు ఎక్కే మర చుట్లు ఎక్కడా చెక్కుకుపోలేదు. విరిగి ఊడింది కాదు, నట్టు తిరిగి తిరిగి తనంతట తనే ఊడిపోయింది. పిన్ను ఉంటే అలా తిరగదు. నాన్న ఇసకలో చతికిలబడి, "పిన్ను పెట్టలేదమ్మా. నేను పిన్ను పెట్టలేదు" అన్నాడు. ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదలు. అన్నయ్యని గట్టు మీదికి తెచ్చినప్పుడు కూడా ఏడవని మనిషి.

మర్నాడు కొత్త నట్టూ పిన్నులూ తెచ్చి, ముందు నట్టు పళ్లెంలో వేశాడు. నేను జామెట్రీ బాక్సు తెచ్చుకున్నాను. నోటితో చెప్పడం చేతకాలేదు. ఆయన బండి కిందకి దూరాక, పిన్ను తీసి పళ్లెంలో వేశాను. నట్టు కోసం ఆయన చెయ్యి బయటికి వచ్చి, కిరసనాయిల్లో తడిమి, దాన్ని పట్టుకుంది. ఆగిపోయింది. తర్వాత నాన్న మెల్లగా బయటికి జరిగి లేచి కూర్చున్నాడు. ఆయన కొత్తగా తెచ్చిన పిన్నులు జేబులోనే ఉన్నాయి, ఇంకా పళ్లెంలో వేయలేదు. చేతిలో ఉన్నదానికి పైన తుప్పు, కాళ్లు మాత్రం తిన్నగా ఉన్నాయి. నా మొహం చూడలేదు. నా చేతులు చూశాడు.

"ఆ రోజు గోరింటాకు పెట్టుకున్నావు కదూ?" అన్నాడు.

నేను తలూపాను. కొడతాడనుకున్నాను, కొడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"పళ్లెం చూసుకోవాల్సింది మేస్త్రి. పక్కనున్న పిల్ల కాదు." పిన్నుని వేళ్ల మధ్య తుడుస్తూ, "ఈ మాట నీ నోటమ్మట ఇంకెప్పుడూ రాకూడదు. మీ అమ్మకి కొడుకు పోయాడు. కూతురు కూడా పోకూడదు" అన్నాడు.

ఆ పిన్నునే దూర్చి, కాళ్లు వంచాడు. తుప్పు పట్టింది పెట్టడం ఆయన పద్ధతే కాదు. "పళ్లెం చూడు" అన్నాడు. రెండు చేతులూ పెట్టి అడుగంతా తడిమి, ఖాళీయే నాన్నా అన్నాను.

ఆ సాయంత్రమే వ్యాను తీశాం. నేను పక్కన కూర్చున్నాను. వంతెన దగ్గర మలుపులో నాన్న స్టీరింగు తిప్పాడు. బండి మెత్తగా తిరిగింది. "వాడూ ఇలాగే తిప్పుంటాడు" అన్నాడు. ఇంటికి వచ్చి అమ్మతో, మర్నాడు టీకొట్టు దగ్గర అందరితో ఒకటే మాట చెప్పాడు: "మా శ్రీను నిద్రపోలేదండీ. నేనే పిన్ను పెట్టడం మరిచాను."

అలా కొడుకు పేరు కడిగి, మసి తను పూసుకున్నాడు. కన్నకొడుకు బండికే పిన్ను మరిచిన మేస్త్రి దగ్గరికి ఎవరొస్తారు? ఏడాది తిరక్కుండా షెడ్డు మూతపడింది. వ్యాను అమ్మేశాడు. ఓ నర్సరీలో మొక్కలకి నీళ్లు పెట్టే పనికి కుదిరాడు. అమ్మ ఆయనతో మాట్లాడటం మానేసింది. "మీ నాన్నకి అన్నం పెట్టు", "మీ నాన్నకి తువ్వాలియ్యి" అంతే, అదీ నాతో. తొమ్మిదేళ్లు అలాగే బతికి, కన్నుమూశాడు. ఆఖరి రోజుల్లో కూడా అమ్మ మంచం దగ్గరికి రాలేదు. గుమ్మంలో నిలబడి చూసేది. ఒక్క మాట చెప్తే ఆవిడ లోపలికి వచ్చేది. నేను చెప్పలేదు. ఆయన వద్దన్నాడు కాబట్టి చెప్పలేదని నాకు నేను చెప్పుకుంటాను. ఆయన వద్దనకపోయినా చెప్పేదాన్ని కాదేమో.

ఇప్పుడు అమ్మ నా దగ్గరే ఉంటుంది. మొన్న సాయంత్రం, ఆఫీసు నుంచి తెచ్చిన గోరింటాకుని గిన్నెలో కలిపి మా అమ్మాయి చేతులకి పెడుతోంది. "ఇంకా ఉందేమో చూడవే" అంటే, నా కూతురు రెండు చేతులూ గాల్లో పెట్టుకుని గిన్నెలోకి తొంగి చూసి, "అయిపోయింది అమ్మమ్మా" అంది. నాకు తెలియకుండానే నా చెయ్యి గిన్నెలోకి వెళ్లి అడుగంతా తడిమింది. ఏ గిన్నె ఖాళీ అన్నా నేను తడమకుండా వదలను. ఓ వారగా చిన్న ముద్ద దొరికింది, తీసి అమ్మకిచ్చాను.

అమ్మ నా వేళ్లకేసి చూసింది. "అచ్చం మీ నాన్న బుద్ధే" అంది. ఇన్నేళ్లలో ఆయన ఊసు ఆవిడ నోట అంత మెత్తగా రావడం నేను వినలేదు. ఆ ముద్దని పిల్ల వేలికి అద్దుతూ, "ఒక్క సంగతి మాత్రం నాకు అంతుపట్టదే. అంత చూసుకునే మనిషి, పళ్లెం తడమకుండా బండిని ఎలా వదిలేశారంటావు?" అంది.

చేతికి అందేంత దూరంలో ఉంది అమ్మ. అడుగుతోంది.

"ఏమోనమ్మా, మర్చిపోయుంటాడు" అన్నాను.

అమ్మ గిన్నె తీసుకుని కడగడానికి వెళ్లింది. నేను సబ్బుతో చేతులు రుద్ది రుద్ది కడుక్కున్నాను. తెల్లారేసరికి మూడు వేళ్ల కొనలు ఎర్రగా పండాయి.