కుకీలు చెరిపిన ఆదివారం

మా ఇంట్లో ముగ్గురం, ల్యాప్‌టాప్ మాత్రం ఒకటే. నా భార్య ప్రైవేటు బడిలో సైన్సు టీచరు. పాఠాలు తయారు చేసుకోవడానికి దాన్ని వాడేది. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ప్రవేశ పరీక్షకు అందులోనే మాక్ టెస్టులు రాసేది. నేను జిన్నారం అవతల ఒక మందుల ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర షిఫ్ట్ ఇన్‌ఛార్జిని. మిగిలిన సమయం నాది. ఆ సమయంలో నేను చూసేవి రెండే, వార్తలూ క్రికెట్ స్కోరూ.

ఒకరోజు పొద్దున డ్యూటీకి పోయే ముందు స్కోరు చూద్దామని తెరిస్తే పక్కన ఒక ఆసుపత్రి ప్రకటన కనిపించింది. చీరకట్టులో ఒకామె రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. కింద ‘గడ్డ తగిలిందా? ఆలస్యం చేయకండి’ అని ఉంది. పట్టించుకోలేదు. వార్తల్లోకి పోతే అక్కడా ఆమే ఉంది. మరునాడు అదే ప్రకటన, దాని కింద ఇంకో ఆసుపత్రిది, బయాప్సీకి భయపడవద్దని. వర్షం పడుతుందా అని చూడబోయినా అదే.

ఎవరైనా ఏమైనా వెతికారేమోనని హిస్టరీ తెరిచాను. ఖాళీగా ఉంది. అమ్మాయి రాసిన టెస్టులు లేవు, నేను చూసిన వార్తలు కూడా లేవు.

మా ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసే ఒకాయన ఉన్నాడు. వాళ్ళ నాన్న కాలంలోనే గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం. క్యాంటీన్‌లో ఆయన పక్కన కూర్చుని, ఎవరి ఇంట్లోనో జరిగినట్టు అడగబోయి, చివరికి మా ఇంట్లోనే అని చెప్పేశాను.

‘‘కుకీలండీ,’’ అన్నాడాయన అన్నం కలుపుకుంటూ. ‘‘మనం ఒక సైటు తెరిస్తే అది మన బ్రౌజర్లో చిన్న గుర్తు పెట్టి పోతుంది. తర్వాత ఇంకో సైటుకు వెళ్తే, ఆ గుర్తు పట్టుకుని, వీళ్ళు ఫలానాది వెతికినవాళ్ళు అని దానికి తగ్గ ప్రకటన వేస్తారు. ఇంట్లో ఎవరో ఆసుపత్రుల గురించి చూసుంటారు.’’

‘‘హిస్టరీ చూసిన సార్. ఏం లేదు అండ్ల.’’

‘‘అయితే చెరిపేసుంటారు. హిస్టరీ ఒక్కటే తీసేస్తే కుకీలు అలాగే ఉంటాయండి. చాలామందికి ఆ సంగతి తెలీదు. సెట్టింగుల్లోకి వెళ్ళి అవి కూడా తీసేయండి, గోల వదిలిపోతుంది.’’

ఆయన మజ్జిగ తెచ్చుకోవడానికి లేచాడు. చెరిపేసుంటారు అన్న మాటే చెవిలో మోగుతోంది. ఇంట్లో ఉన్నది ముగ్గురం. నేను కాదు. మిగిలింది నా భార్య, నా బిడ్డ.

ఆ వారమంతా ఇద్దరినీ గమనిస్తూ గడిపాను. అమ్మాయి ఎప్పటిలా తిని, ఎప్పటిలా చదివి, ఎప్పటిలా విసుక్కుంది. నా భార్య బడి నుంచి వచ్చి కాసేపు ఒరిగేది. ‘‘ఏంది, ఒంట్లో మంచిగ లేదా?’’ అంటే, ‘‘పేపర్లు దిద్దుడు ఎక్కువైంది,’’ అనేది. నిజమే అయ్యుండవచ్చు, మంచం మీద పేపర్లు కనిపిస్తూనే ఉన్నాయి. నోరు తెరిచి అడగడం ఎంత పని? కానీ అడిగితే అవునంటుందేమోనన్న భయం నన్ను ఆపేసింది.

ఆదివారం అమ్మాయి కోచింగ్‌కు పోయింది. నా భార్య బట్టలు ఆరేయడానికి డాబా మీదికి పోయింది. నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చుని సెట్టింగుల్లోకి పోయాను. ఆ బొమ్మలు అమ్మాయి కళ్ళబడకూడదన్నది ఒక కారణం. ఇంకోటి కూడా ఉంది. ఇప్పుడు మొత్తం తుడిచేస్తే, మళ్ళీ వస్తాయో రావో తెలుస్తుంది. మళ్ళీ వస్తే ఎవరో ఇంకా వెతుకుతున్నట్టే. ఎప్పటి నుంచి తీసేయాలని అడిగితే మొదటి నుంచీ అని పెట్టి నొక్కేశాను. రెప్పపాటులో అయిపోయింది.

మధ్యాహ్నం అమ్మాయి వచ్చి తెరవగానే గొడవ మొదలైంది. ‘‘డాడీ! నా టెస్టు సైటు లాగౌట్ అయింది. పాస్‌వర్డ్ గుర్తు లేదు నాకు! ఎవరు గెలికిండ్రు దీన్ని?’’

‘‘నేనే బిడ్డా. కుకీలు తీసేసిన.’’

అప్పుడే నా భార్య ఆరిన బట్టలు చేతిమీద వేసుకుని లోపలికి వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది. ‘‘అన్నీ తీసేసినవా?’’

‘‘అన్నీ.’’

‘‘ఎందుకు?’’

‘‘ఏవేవో యాడ్స్ వస్తున్నయ్. దవాఖానలయి.’’ ఆమె ముఖం చూస్తూనే అన్నాను. ఆమె బట్టలు మంచం మీద వేసి, వంగి మడతపెట్టడం మొదలుపెట్టింది. ‘‘మంచిగ చేసినవ్,’’ అంది, తల ఎత్తకుండా.

ఆ మాటతో నాకు సగం తెలిసిపోయింది. అయినా అడగలేదు.

తర్వాత కొన్ని రోజులకు నాది మొదటి షిఫ్టు. మా దగ్గర ఫోన్లు లోపలికి తీసుకుపోనివ్వరు, గేటు దగ్గర లాకర్లో పెట్టిపోవాలి. షిఫ్టు దిగి వచ్చి ఫోను తీస్తే మెసేజ్ ఒకటి ఉంది. పటాన్‌చెరులో మేము రక్తపరీక్షలు చేయించుకునే చోటు నుంచి. లాగిన్ కావడానికి ఓటీపీ. అంతకు ముందు వర్షాకాలం అమ్మాయికి జ్వరం వస్తే వాళ్ళ సైట్లో నా నంబరుతో ఖాతా తెరిచాం. ఆ తర్వాత నేను దాని మొహం చూడలేదు.

మోసగాళ్ళేమో అనుకున్నాను. అలాగే అయితే బాగుండునని కూడా అనుకున్నాను. నా భార్యకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్ళీ చేశాను, ఎత్తలేదు.

కంపెనీ బస్సు ఎక్కాను. వెనక సీట్లో బిహార్ కుర్రాళ్ళు ఊరికి టికెట్లు దొరకలేదని గట్టిగా మాట్లాడుకుంటున్నారు. ముందు ట్యాంకర్లు అడ్డంగా నిలిచి బస్సు కదలడం లేదు. అంతలో చేతిలో ఫోన్ మోగింది. అదే చోటు నుంచి ఇంకో ఓటీపీ.

అంటే ఈ క్షణాన ఎవరో ఆ తెర ముందు కూర్చుని ఉన్నారు. నా చేతిలో ఉన్న అంకెల కోసం చూస్తున్నారు. ఆ అంకెలు వెనక్కి పంపాలో, ఫోన్ చేసి చెప్పాలో, చూడనట్టు ఊరుకోవాలో తోచలేదు. బస్సు దిగి నడుద్దామని లేచి, ఇంకా ఎంత దూరముందో గుర్తొచ్చి మళ్ళీ కూర్చున్నాను. డ్రైవర్ అద్దంలోంచి చూసి, ‘‘ఏంది సార్, జల్దీ ఉన్నదా?’’ అన్నాడు. తలూపి మళ్ళీ ఫోన్ చూసుకున్నాను.

మా ఇల్లుండే కిష్టారెడ్డిపేటలో దిగి, లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కాను. తలుపు దగ్గరికి వేసి ఉంది, గడియ లేదు. నా భార్య ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. బడి నుంచి ముందే వచ్చేసినట్టుంది, చీర ఇంకా మార్చలేదు.

‘‘వచ్చిందా నీకు?’’ అంది.

‘‘వచ్చింది. రెండు సార్లు.’’

‘‘మొదటిసారి తెల్వక నొక్కిన. రెండోసారి తెలిసే నొక్కిన.’’ తెర వైపు తిరిగి, ‘‘నోటితోని చెప్పుడు రాలే నాకు,’’ అంది.

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆమె పిల్లలకు పాఠం చెప్పినట్టు నెమ్మదిగా చెప్పుకొచ్చింది. స్నానం చేస్తుంటే గడ్డ లెక్క చేతికి తగిలిందట. బడిలో శిక్షణ ఉందని నాతో చెప్పి, బస్సెక్కి సంగారెడ్డిలో డాక్టరమ్మకు చూపించుకుందట. ఆమె పటాన్‌చెరుకు రాసిస్తే అక్కడ సూదితో ముక్క తీసి పరీక్షకు పంపారట.

‘‘మెసేజ్‌లకు నా నంబరే ఇచ్చిన. ఈ ల్యాప్‌టాప్‌ల ఖాతా తెరిచే ఉండె గదా, రిపోర్టు రాంగనే నేనే చూసుకుంట అనుకున్న. నువ్వు అన్నీ తీసేసినంక అది నీ నంబరు అడుగుతున్నది.’’

‘‘గింత పెట్టుకుని ఒక్కదానివే తిరిగినవా? నాకెందుకు చెప్పలే?’’

‘‘ఏం లేదని తెలిస్తే ఊకె పరేషాన్ చేసినట్టయితది. ఉన్నదని తెలిస్తే అప్పుడే చెప్దామని. నా పానం సంగతి ముందుగాల నాకు తెల్వాలె గదా. ఆ కంప్యూటర్ అందరికీ చెప్తదని నాకేం ఎరుక?’’ ఆమె గొంతు మొదటిసారి పెరిగింది. ‘‘హిస్టరీ తీస్తే అయిపోతదనుకున్న.’’

వచ్చిన ఓటీపీలకు గడువు అయిపోయింది. ఆమె మళ్ళీ నొక్కింది. ఫోన్ నా చేతిలో మోగింది. ఒక్కో అంకె నేను చదువుతుంటే ఆమె కొట్టింది. మధ్యలో ఒకటి తప్పు చదివాను. ‘‘జెర నిమ్మలంగ చదువు,’’ అంది.

రిపోర్టు తెరుచుకుంది. నాకు ఆ ఇంగ్లీషు సగం అర్థం కాలేదు. నేను తెరను కాదు, ఆమె కళ్ళను చూస్తున్నాను. కళ్ళు పై నుంచి కిందికి వెళ్ళాయి, మళ్ళీ పైకి వచ్చి ఒకచోట నిలిచిపోయాయి.

‘‘ఉన్నది,’’ అంది.

ఆమె చెయ్యి పట్టుకున్నాను. కింద కాలేజీ బస్సు హారన్ వినబడగానే ఆమె చెయ్యి విడిపించుకుంది. ‘‘బిడ్డకు ఇప్పుడే తెల్వద్దు. పరీక్షలు కానియ్యి. కుకీలు ఎట్ల తీస్తరో చూపియ్యి, జల్దీ.’’

చూపించాను. లిఫ్టు పైకి వస్తున్న చప్పుడు వింటూ, ఆమే నొక్కింది.

మరునాడు సంగారెడ్డి డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరం పోయాం. గడ్డ చిన్నదేనని, తొందరగా పట్టుకున్నామని, నగరానికి పోయి ఆపరేషన్ చేయించుకోమని రాసిచ్చింది. గర్భసంచి ఆపరేషన్ అని అమ్మాయికి అబద్ధం చెప్పాం. ఆ నెలల్లో నేనూ నా భార్యా ఏది వెతికినా అమ్మాయి వచ్చేలోపు అన్నీ తుడిచేసేవాళ్ళం. అమ్మాయి రోజూ లాగౌట్ అయి మా మీద అరిచేది. తుడవకపోతే ఆ రొమ్ము మీద చెయ్యి పెట్టుకున్నావిడ ఎక్కడ ప్రత్యక్షమవుతుందోనని తెర తెరిచిన ప్రతిసారీ ముందు ప్రకటనలు వచ్చే పక్కకే చూసేవాణ్ణి.

ఆఖరి పరీక్ష రాసి వచ్చిన సాయంత్రం నా భార్య అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని తనే చెప్పింది. అప్పటికి మందులకు జుట్టు రాలడం మొదలై కొంగు తల మీది నుంచి తీయడం లేదు. నేను వంటింట్లో నిలబడి విన్నాను. తర్వాత అమ్మాయి ఏడుపు.

‘‘అందుకేనా రోజు తీసేసిండ్రు? నేను నీ మీద గంత లొల్లి చేసిన గద అమ్మా!’’

‘‘చేస్తే చేసినవ్ తియ్యి. తెలిస్తే చదువుతుంటివా?’’

‘‘చదవకపోదును!’’ అంది అమ్మాయి కోపంగా. ‘‘నీ దగ్గర కూసుందును.’’

నా భార్య కొంగు తీసేసి, జుట్టు పలచబడిన తలను అమ్మాయి చేతికి ఇచ్చింది.

చికిత్స పూర్తయింది. ఎండాకాలం సెలవుల తర్వాత ఆమె బడికి పోయింది. కొన్ని నెలలకోసారి పరీక్షలు ఇంకా నడుస్తున్నాయి, ఆ వారం ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు. ఇప్పుడు ఖాతాకు ఆమె నంబరే ఉంది. మొన్నటి రిపోర్టు ఆమె తన ఫోన్లో తనే తెరిచి, మొత్తం చదివి, అప్పుడు మా ఇద్దరినీ పిలిచింది.

‘‘మంచిగనే ఉన్నదట,’’ అంది. ‘‘ఇగ తిందాం రాండ్రి.’’