బూజు దులిపిన గది

పండును తాకేముందు ఆమె ఊపిరి బిగపడుతుంది. కత్తెరతో తొడిమ కత్తిరించి, నిద్రపోతున్న పిల్లను పడుకోబెట్టినట్టు పండును బుట్టలోకి దింపి, అప్పుడు వదులుతుంది. తోటలో అందరూ ఆమెను నెమ్మదమ్మ అంటారు.

"వదినా, నువ్వు కోత ముగించేసరికి చెట్టుకు జుట్టు నెరుస్తుంది," అనేవాడు మరిది.

"నెరవనీ. ముందు నువ్వు గోళ్లు తీసుకున్నావా?"

గోరు గీరిన చోటు నుంచే కుళ్లు లోపలికి పోతుందని ఆమె పట్టు.

ఆ ఏడు మరిది ఎగతాళి మానేశాడు. తాను తొందరపెట్టి కోయించిన రెండు పంటలూ పండ్లు నిలవచేసే చల్లగదిలోనే కుళ్లిపోయాయి. ఈసారి కోత ఆమెకు వదిలాడు. ఇదీ పోతే నారింజ చెట్లన్నీ కొట్టించేస్తానన్నాడు.

పండ్లు చల్లగదికి చేరాక ఆమెకు జ్వరం వచ్చింది. మంచం మీంచే తోటికోడలితో అంది: "కిటికీ పక్క బుట్టలో బూజు కనిపించింది. కాస్త దాని సంగతి చూడు."

తోటికోడలు ఆ ఇంటికి వచ్చి ఎన్నాళ్లో కాలేదు. సాయంత్రం చీపురుతో, తల నిండా దుమ్ముతో, సంబరంగా వచ్చి నిలబడింది.

"దులిపేశానక్కా! గోడలూ, కిటికీ, పండ్ల మీద పచ్చటిది కూడా. గది అద్దంలా ఉంది."

ఆమె గోడ పట్టుకుని వెళ్లింది. కిటికీ వెలుగులో పచ్చని పొడి తేలుతోంది, ఎక్కడా వాలే తొందర లేనట్టు. అందంగా ఉంది. జ్వరపు కళ్లకు నారింజలన్నీ నీటి అడుగున వెలుగుతున్నట్టు తోచాయి. కాసేపు అలాగే చూసింది.

"తప్పు చేశానా అక్కా?"

"నీది కాదులే. సాలెగూటికీ పండు జబ్బుకీ ఒకటే పేరు పెట్టినవాళ్లది. ఈ బూజును దులపకూడదమ్మా. తడిగుడ్డ కప్పి, పండుతో సహా బయటికి తీసుకెళ్లి పూడ్చాలి."

అలాగే పూడ్చారు. మిగిలిన పండ్లను గోరువెచ్చని వంటసోడా నీళ్లలో ముంచి, నీడలో ఆరబెట్టారు. గోడలు తడిగుడ్డతో తుడిచారు. ఇక చేయగలిగింది లేదు. పొడి ఎంత వాలినా, తొక్క చిట్లని పండులోకి దానికి దారి దొరకదు. ఎక్కడైనా దారి ఇచ్చానా అని ఆమె పడుకుని తలచుకునేది. కళ్లు మూస్తే, కోసిన ఒక్కో పండూ చేతిలోకి వచ్చి, బరువు చూపించి, వెళ్లిపోయేది.

జ్వరం తగ్గి, ఆమె లేచి తిరుగుతున్న రోజుల్లో మరిది గది తలుపు తీశాడు. బుట్ట తరవాత బుట్ట దించి పండ్లు నొక్కి చూశాడు. మెత్తబడినవి కొన్నే. చివరి బుట్టను జాగ్రత్తగా సర్దాడు.

"నీ నత్తనడకే నెగ్గింది వదినా. చెట్లు కొట్టేవాళ్లను రావద్దని చెప్తాలే."

"చెప్పు. నాలా నెమ్మదిగా కాదు, ఇప్పుడే వెళ్లి చెప్పు."

మర్నాడు ఉదయం ఆమె చిన్న రంపంతో తోటలోకి వెళ్లింది. వచ్చే కాపులో వానకు చిందే మట్టి కాయలకు అంటకుండా, నేలను తాకే కొమ్మలను ఒక్కొక్కటే కోసి గట్టు మీద పెట్టింది.