పెరట్లో పూడ్చిన ముక్క

నా చిన్నప్పుడు మా నాన్న కుడి పాదంలో ఒక గడ్డ లేచింది. రాజాం దగ్గర మా పొలంలో చెప్పుల్లేకుండా తిరిగే మనిషి, ఎప్పుడో ముల్లు దిగిందిలే అని పట్టించుకోలేదు. అది పెరిగి పెరిగి పాదం నేల మీద ఆనించలేని స్థితికి వచ్చింది. ఆస్పత్రిలో డాక్టరు నొక్కి చూసి, కేన్సర్‌లా ఉంది, మోకాలి కిందికి కాలు తీసేయాల్సి రావచ్చు అన్నారు. ఆ మాట విన్నాక మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. నేనైతే నిద్రలో లేచి నాన్న కాలు ఉందో లేదో తడిమి చూసుకునేదాన్ని.

మా మేనత్త విశాఖలో డాక్టరు. ఒంట్లోంచి తీసిన ముక్కను పల్చగా కోసి, రంగు వేసి, మైక్రోస్కోపులో చూసి జబ్బేమిటో చెప్పడం ఆవిడ పని. తను చూసేదాకా కాలు తియ్యనివ్వొద్దని కబురు పెట్టింది. గడ్డకు కత్తి తగిలితే ఒళ్ళంతా పాకిపోతుందని మా నాన్నమ్మ గోల పెట్టింది. అయినా ఆస్పత్రిలో చిన్న ముక్క తీసి, మందునీళ్ళ సీసాలో వేసి ఇచ్చారు. మర్నాడు అత్త వచ్చి పట్టుకెళ్ళాలి.

అత్త ఆమదాలవలసలో రైలు దిగి, బస్సెక్కి వచ్చేసరికి సీసా ఖాళీ. మా ఇంట్లో మనిషి ఒంట్లోంచి ఏది తెగినా మట్టిలో కలిపేస్తారు. కన్నకొడుకు మాంసం గాజు సీసాలో ఊళ్ళు తిరగడమేమిటని నాన్నమ్మ పెరట్లో గొయ్యి తీసి, పసుపు చల్లి పూడ్చేసింది. నాన్న తల పట్టుకున్నాడు. మళ్ళీ కోయించుకోవడం తన వల్ల కాదనీ, కాలు పోతే పోనీ అనీ అన్నాడు.

అత్త కేకలేస్తుందని నేను తలుపు చాటుకు పోయాను. ఆవిడ నాన్నమ్మ పక్కన కూలబడి, మట్టంటిన ఆ చేతులు పట్టుకుంది.

"అమ్మా, ఇయాల గోరంత ముక్క పూడ్సినావు. సూడకుండా ఊరుకుంటే రేపు కాలే పూడ్సాల."

నాన్నమ్మ చేతులు లాక్కుని కొంగుకి తుడుచుకుంది. "సూస్తే, అదేనని తేల్తే ఏటి సేస్తాం?"

"నాకూ అదే బయం. అయినా సూడాల గదా."

అంత చదివిన మా అత్తకీ భయమేనని విన్నాక నా గుండె జారిపోయింది. అప్పటిదాకా ఆవిడ ఉందన్న ధీమాతోనే ఉన్నాను మరి.

రెండోసారి ముక్క తీయించుకోవడానికి నాన్నని ఒప్పించిందీ, తీస్తుంటే తల ఒళ్ళో పెట్టుకుని కూచున్నదీ నాన్నమ్మే. సీసా కూడా తనే కొంగులో దాచుకుని, నన్ను వెంటబెట్టుకుని విశాఖ వచ్చింది. స్లైడు తయారయ్యేదాకా అత్త ఇంట్లోనే ఉన్నాం. అత్త మైక్రోస్కోపు మీదికి వంగింది. నాన్నమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. అత్త ఎంతకీ తలెత్తదే! చివరికి ఎత్తి, ఏడుస్తూనే నవ్వింది. కేన్సర్ కాదట. ముల్లుతో పాటు మట్టిలోంచి లోపలికి పోయిన బూజట. నన్ను స్టూలెక్కించి చూపించింది. గులాబీ రంగు మాంసం మధ్యలో ఆవగింజల్లా నల్లటి ఉండలు. ఆ తర్వాత గడ్డ వరకే కోసి తీశారు, నాన్న చాన్నాళ్ళు మందులు మింగాడు. కుంటుతూనే అయినా తన రెండు కాళ్ళ మీదే పొలానికి వెళ్ళాడు.

ఇప్పుడు నాకు మనవలున్నారు. ఈమధ్య స్నానం చేస్తుంటే రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. ఎవరికీ చెప్పకుండా ఊరుకుందామనే మొదట అనిపించింది, అబద్ధమెందుకు. తర్వాత కోడలిని తోడు తీసుకుని విజయనగరం వెళ్ళి ముక్క తీయించుకున్నాను. ఏమని తేలుతుందో రేపు చెబుతారు. అబ్బాయి వెళ్ళి కనుక్కొస్తానన్నాడు గానీ వద్దన్నాను. పొద్దున్నే మొదటి బస్సుకి నేనే వెళ్తాను.